వాలంటీర్లతో నడిచే కమ్యూనిటీ రేడియో: ప్రసారం ఆగకుండా స్టేషన్‌ని సిద్ధం చేసుకోవడం ఎలా

వాలంటీర్లు నడిపే రేడియో స్టేషన్‌కి అన్నిటికన్నా పెద్ద గండం నిశ్శబ్దం. పాట నచ్చకపోతే శ్రోతలు సర్దుకుంటారు, మాట్లాడేవాళ్ళు తడబడితే నవ్వి ఊరుకుంటారు. రేడియో పెట్టగానే ఏమీ వినిపించకపోతే మాత్రం అర నిమిషం కూడా ఆగరు, వేరే స్టేషన్‌కి వెళ్ళిపోతారు. జీతాలిచ్చే స్టేషన్లో ఏదైనా చెడిపోతే పిలవడానికి ఇంజనీరు ఉంటారు. మీ స్టూడియోలో ఆ సమయానికి ఉండేది ఉద్యోగం అయ్యాక తాళంచెవి తీసుకుని వచ్చిన ఒక మనిషి. అందుకే ఏ పరికరం కొంటున్నా, ఏ నియమం పెడుతున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నిన్నగాక మొన్న చేరిన వాలంటీరు ఒక్కరే ఉన్నప్పుడు ఇది మొరాయిస్తే ఏమవుతుంది? జవాబు దొరకని పరికరం ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు.

ఇక్కడ చెప్పేది తక్కువ పవర్‌తో ఒక ప్రాంతానికి ఎఫ్‌ఎంలో ప్రసారం చేసే స్టేషన్ గురించి. ఇంటర్నెట్‌లో మాత్రమే ప్రసారం చేసేవాళ్ళు యాంటెన్నా, ట్రాన్స్‌మిటర్ భాగాలు వదిలేసి మిగతాది చదువుకోవచ్చు.

1. లైసెన్సు కాగితంలోని అంకెలు గోడ మీద రాసిపెట్టండి

ఫ్రీక్వెన్సీ, అనుమతించిన రేడియేటెడ్ పవర్ (ఈఆర్‌పీ), యాంటెన్నా ఎత్తు, ప్రకటనల మీదా వార్తల మీదా ఉన్న షరతులు, రికార్డింగులు ఎన్నాళ్ళు దాచాలన్న నియమం. ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండాలి.

ఇందులో తరచూ పొరపాటు పడేది ఈఆర్‌పీ దగ్గర, అంటే యాంటెన్నా నుంచి నిజంగా బయటికి వెళ్ళే పవర్ లెక్క దగ్గర. ట్రాన్స్‌మిటర్ మీటరులో 50 వాట్లు కనిపిస్తే ఈఆర్‌పీ కూడా 50 అని అనుకుంటారు. కేబుల్లో పోయేది తీసేసి, యాంటెన్నా గెయిన్ (పవర్‌ని కావాల్సిన వైపుకి కూడగట్టడం వల్ల వచ్చే లాభం) కలపాలి. ఈ లాభనష్టాలని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, కేబుల్లో 2 డెసిబెల్స్ నష్టం, డైపోల్ అనే సాదా రెండు కడ్డీల యాంటెన్నాతో పోలిస్తే 3 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంటెన్నా అయితే మొత్తం మీద 1 డెసిబెల్ లాభం. అంటే ఈఆర్‌పీ సుమారు 63 వాట్లు. లైసెన్సులో 50 అని ఉంటే మీరు గీత దాటినట్టే. రేపు మంచి కేబుల్ వేసినప్పుడు ట్రాన్స్‌మిటర్ పవర్ తగ్గించుకోవాల్సి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

2. డబ్బు ముందు యాంటెన్నాకీ కేబుల్‌కీ పెట్టండి

కొత్త స్టేషన్లు మెరిసే మైకుల మీద ఖర్చుపెట్టి, మిగిలిన దాంతో కేబుల్ కొంటాయి. తలకిందుల లెక్క ఇది. పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్ మాత్రమే. యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే మైదాన ప్రాంతంలో దూరపు శ్రోతకి సుమారు 6 డెసిబెల్స్ వస్తుంది. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే నమ్మకంగా వెళ్తాయి. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 15 మీటర్లకి సుమారు 16 కి.మీ., 30 మీటర్లకి సుమారు 22.5 కి.మీ. మధ్యలో గుట్ట అడ్డొస్తే ఈ లెక్క చెల్లదు. గుట్ట వెనక ఉన్నవాళ్ళకి వాట్లు పెంచి వినిపించాలనుకోవడం వృథా ప్రయాస.

కేబుల్ విషయానికొస్తే, 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-213 రకం 100 మీటర్లకి సుమారు 6.5 డెసిబెల్స్ తినేస్తుంది. అర అంగుళం ఫోమ్ కేబుల్ అయితే 2.2 దాకా. 30 మీటర్ల పొడవుకి మొదటిది దాదాపు 2 డెసిబెల్స్, అంటే మీ పవర్‌లో మూడో వంతుకి పైగా కేబుల్ వేడెక్కడానికే సరిపోతుంది. రెండోదాంతో ఏడో వంతు పోతుంది. సన్నటి ఆర్‌జీ-58 జోలికి అసలు వెళ్ళకండి.

యాంటెన్నా దగ్గర చెడిపోయే వాటిలో ఎక్కువ నీటి వల్లే. ఇలా చేయండి:

కనెక్టరు ఎన్-టైప్ వాడండి. పీఎల్-259కి నీటి నుంచి రక్షణ లేదు. బిగించాక సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపుని దాదాపు రెట్టింపు పొడవు సాగేలా లాగుతూ, సగం మీద సగం పడేలా చుట్టండి. సాగదీయకపోతే అది తనలో తాను అతుక్కోదు, కొన్నాళ్ళకి ఊడొస్తుంది. దాని మీద ఎండకి తట్టుకునే పీవీసీ టేపుని కింది నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్ళండి. పెంకుటిల్లు కప్పినట్టు పై పొర కింది పొర మీద పడాలి, అప్పుడే వాన నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్ళు పట్టే గాడి అవుతుంది. కేబుల్ గది లోపలికి వచ్చే చోట కిందికి ఒక వంపు వదలండి, నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

మాస్టునీ (యాంటెన్నా నిలబెట్టిన స్తంభం), కేబుల్ ప్లాస్టిక్ తొడుగు కింద ఉండే లోహపు పొరనీ మాస్టు అడుగున ఒకసారి, భవనంలోకి వచ్చే చోట మరోసారి ఎర్త్ చేయండి. భవనం ఎర్త్, మాస్టు ఎర్త్ వేరువేరుగా వదిలేయకండి. పిడుగు పడినప్పుడు ఆ రెంటి మధ్య పుట్టే వోల్టేజీ మీ మిక్సర్ (మైకులు, పాటల ధ్వనులన్నీ కలిపే పరికరం) గుండానే దారి వెతుక్కుంటుంది. ఎత్తులో పనిచేయడం తెలిసినవాళ్ళే పైకెక్కాలి. వాళ్ళు ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ ప్లగ్గు వాళ్ళ జేబులోనో చేతిసంచిలోనో పెట్టి పంపండి.

3. ట్రాన్స్‌మిటర్: ఒకసారి సరిగ్గా పెట్టి, తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వకండి

యాంటెన్నాగానీ డమ్మీ లోడ్ (పరీక్ష కోసం యాంటెన్నా బదులు తగిలించి, పవర్‌ని వేడిగా మార్చే పరికరం) గానీ తగిలించకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయకూడదు. పంపిన పవర్ అంతా తిరిగొచ్చి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లని కాల్చేస్తుంది. కొత్త ట్రాన్స్‌మిటర్లలో రక్షణ సర్క్యూట్ ఉంటుంది కానీ, దాన్ని పరీక్షించడానికి మీదే మొదటి ప్రయోగం కానక్కర్లేదు.

ఫార్వర్డ్ (యాంటెన్నాకి వెళ్ళే), రిఫ్లెక్టెడ్ (తిరిగొచ్చే) పవర్ రెండూ రోజూ రాయండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కొస్తోందో చూపే అంకె) 1.5 ఉంటే 4 శాతం వెనక్కొస్తోందని అర్థం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం. ఎప్పుడూ 1 వాటు చూపించే మీటరు ఉన్నట్టుండి 4 చూపిస్తే కేబుల్లోనో కనెక్టర్లోనో ఏదో జరిగినట్టే. వాన పడినప్పుడల్లా పెరిగి, ఎండ కాయగానే తగ్గితే అనుమానమే అక్కర్లేదు, నీళ్ళు దిగుతున్నాయి.

ఒక మెలిక ఉంది. కేబుల్ పొడవునా తడి పట్టేస్తే నష్టం పెరుగుతుంది. యాంటెన్నా నుంచి వెనక్కొచ్చే పవర్‌ని కూడా దారిలో ఆ కేబులే మింగేస్తుంది కాబట్టి మీటరులో రిఫ్లెక్టెడ్ పవర్ తక్కువగానే కనిపిస్తుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది, శ్రోతలు మాత్రం 'మీ స్టేషన్ రావట్లేదు' అంటుంటారు. అందుకే మీ ప్రాంతం అంచుల్లో మూడు చోట్లు ఎంచుకుని, నెలకోసారి ఒకే రేడియోని ఒకే చోట నిలబెట్టి వినండి. గర గర ఎంత ఉందో రాసిపెట్టండి. ఏ మీటరూ చెప్పని సంగతి ఇది చెబుతుంది.

తర్వాత ఆడియో లెవెల్. ఎఫ్‌ఎంలో గరిష్ఠ డీవియేషన్ (ధ్వనిని బట్టి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే మేర) ప్లస్ ఆర్ మైనస్ 75 కిలోహెర్ట్జ్. దాటితే పక్క ఫ్రీక్వెన్సీల మీద పడతారు, మీ శ్రోతల రేడియోల్లోనూ గొంతు చిట్లుతుంది. ఆడియో ప్రాసెసర్లోని (మిక్సర్ ధ్వనిని సరిచేసి ట్రాన్స్‌మిటర్‌కి పంపే పరికరం) లిమిటర్, అంటే ధ్వని హద్దు దాటకుండా ఆపే భాగం, గరిష్ఠానికి చేరేలా 400 హెర్ట్జ్ టోన్ పంపండి. ట్రాన్స్‌మిటర్ డీవియేషన్ మీటరు 75 దగ్గరికి వచ్చేదాకా ఇన్‌పుట్ లెవెల్ పెంచండి. అక్కడ ఆపి, ఆ నాబ్ మీద టేపు వేసి తేదీ రాయండి. 400 హెర్ట్జే ఎందుకంటే, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రీ-ఎంఫసిస్ ప్రభావం దాదాపు ఉండదు, లెక్క తప్పదు.

ప్రీ-ఎంఫసిస్ అనేది పై స్థాయి శబ్దాలని పంపేటప్పుడు పెంచి, రేడియోలో తిరిగి తగ్గించే పద్ధతి. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో 75 మైక్రోసెకన్లు, ప్రపంచంలో ఎక్కువ చోట్ల 50 మైక్రోసెకన్లు. ప్రాసెసర్లోనూ ట్రాన్స్‌మిటర్లోనూ రెండు చోట్లా ఆన్ చేసి ఉంటే స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. రెండు చోట్లా ఆఫ్ అయితే దుప్పటి కప్పి మాట్లాడుతున్నట్టు మందంగా వస్తుంది. ప్రాసెసర్లో ఆన్, ట్రాన్స్‌మిటర్లో ఆఫ్ పెట్టండి. అప్పుడు పెరిగిన పై శబ్దాలని కూడా లిమిటర్ అదుపులో ఉంచగలుగుతుంది.

స్టీరియోలో పంపాలా మోనోలోనా? మాటలే ఎక్కువైతే మోనో చాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట స్టీరియోలో గరగర మోనోతో పోలిస్తే 20 డెసిబెల్స్ పైనే ఎక్కువ. పైసా ఖర్చు లేకుండా మీ ప్రాంతపు అంచుల్లో ఉన్నవాళ్ళకీ స్పష్టంగా వినిపించే మార్గం స్టీరియో స్విచ్చు ఆపేయడమే. ఇది చెబితే సంగీతం కార్యక్రమాలు చేసేవాళ్ళు అలుగుతారు. అలగనివ్వండి.

4. స్టూడియో గది, మైకు, మిక్సర్

గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టింగ్' మంటూ చప్పుడు గోడల మధ్య కొట్టుకుంటే, ఎదురెదురు గోడల్లో కనీసం ఒకదానికి 5 సెం.మీ. మందం మినరల్ ఊల్ పలకలు గుడ్డ తొడిగి బిగించండి. నేల మీద మందపాటి తివాచీ, కిటికీకి బరువైన తెర. గుడ్ల అట్టలు అంటించడం వల్ల బయటి చప్పుడు ఆగదు, లోపలి బొంగురూ పోదు. నిప్పు అంటుకుంటే మాత్రం గబగబా కాలతాయి. కంప్యూటర్ ఫ్యానుని గది బయట పెట్టగలిగితే సగం సమస్య తీరినట్టే.

మైకులు డైనమిక్ కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా పట్టుకునే) రకం తీసుకోండి. కండెన్సర్ మైకు ఇంకా స్పష్టంగా ఉంటుంది, నిజమే. అంతే స్పష్టంగా పక్క గదిలో కుర్చీ జరిపిన చప్పుడు కూడా పట్టుకుంటుంది. ష్యూర్ ఎస్ఎమ్7బి లాంటివి కొనేముందు మీ మిక్సర్ ఎంత గెయిన్ ఇవ్వగలదో చూసుకోండి. దానికి మామూలు మాటకి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. చిన్న మిక్సర్లు అంత గెయిన్ దగ్గర సొంతంగా 'హిస్' మంటాయి. ఎస్ఎమ్58 లాంటి సాదా మైకు చాలా స్టేషన్లకి సరిపోతుంది, కింద పడినా బతుకుతుంది.

నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు కన్నా ఎక్కువ, జానెడు కన్నా తక్కువ, అంటే 10 నుంచి 15 సెం.మీ. దూరం ఉండాలి. నేరుగా నోటి ముందు కాకుండా పెదవి కొస వైపు పెడితే ప, భ, ఫ అన్నప్పుడు గాలి దెబ్బ తగలదు. దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ పోతుంది. కొత్తవాళ్ళు బెరుకుతో వెనక్కి జరుగుతారు, ఎదుటి మనిషి గెయిన్ పెంచుతారు, గది చప్పుడంతా ప్రసారంలోకి వస్తుంది. గెయిన్ పెంచకండి, కుర్చీ ముందుకి జరపమనండి.

లెవెల్ పెట్టేటప్పుడు పీఎఫ్ఎల్ (ప్రసారంలోకి పంపకుండా ముందే వినిపించే బటన్) నొక్కి, 'హలో హలో' అనమనకుండా వాళ్ళు చదవబోయే రెండు వాక్యాలు చదవమనండి. 'హలో' ఎప్పుడూ అసలు మాట కన్నా మెల్లగానే వస్తుంది. డిజిటల్ మీటరులో సగటు మైనస్ 18 దగ్గర ఉండి, గరిష్ఠాలు మైనస్ 9 దాటకుండా గెయిన్ సరిచేయండి. ఆ తర్వాత ఫేడరు (లెవెల్ పెంచడానికీ తగ్గించడానికీ జరిపే మీట) సున్నా గీత దగ్గరే ఉండాలి. గెయిన్ నాబ్‌ల పక్కన రంగు చుక్కలు అతికిస్తే ఎవరు తిప్పినా మళ్ళీ సరిచేసుకోవచ్చు.

మైకు తెరిచి ఉన్నప్పుడు స్టూడియో స్పీకర్లు వాటంతటవే మూగబోవాలి. మీ మిక్సర్లో ఆ సదుపాయం లేకపోతే ప్రసారం జరిగే గదిలో స్పీకర్లే వద్దు, మూసి ఉండే హెడ్‌ఫోన్లు చాలు.

ఇక వాలంటీర్లు రోజంతా తలపట్టుకునే ఒక తప్పు. బయటి సభ నుంచి లైన్ తెచ్చి మిక్సర్‌కి కలిపారు. హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండంగా వినిపిస్తోంది, మీటర్లు కదులుతున్నాయి. ఫోన్ చేసినవాళ్ళు మాత్రం ఏమీ రావట్లేదంటున్నారు. కారణం తీగ. బాలన్స్‌డ్ లైన్‌ని (ఒకే సిగ్నల్‌ని ఒక తీగలో నేరుగా, మరో తీగలో తిరగేసి పంపేది) స్టీరియో పిన్నుకి కలిపేస్తే ఎడమవైపుకి సిగ్నల్, కుడివైపుకి అదే సిగ్నల్ తిరగబడి వెళ్తుంది. హెడ్‌ఫోన్లలో చెవికొకటి కాబట్టి తెలియదు. మోనోలో రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతాయి. మిక్సర్లో మోనో బటన్ నొక్కి వినడం అలవాటు చేస్తే ఇది అయిదు సెకన్లలో దొరుకుతుంది. ఆ సమయానికి వేరే తీగ లేకపోతే ఒక చానల్‌ని పూర్తిగా మూసేసి రెండోదాంతో కానిచ్చేయండి.

5. శ్రోతల ఫోన్ కాల్

అవతలి మనిషికి తన గొంతు తప్ప మిగతాదంతా వినిపించాలి. దీన్నే మిక్స్-మైనస్ అంటారు. ఫోనుకి వెళ్ళే లైన్‌ని మిక్సర్ ఆక్జ్ అవుట్ (ప్రసారానికి వెళ్ళేది కాక విడిగా ఉండే అదనపు అవుట్‌పుట్) నుంచి తీసుకోండి. మైకులు, పాటల చానళ్ళ ఆక్జ్ నాబ్‌లు తెరవండి, ఫోన్ చానల్ ఆక్జ్ నాబ్ పూర్తిగా మూయండి. ఆ ఒక్కటి తెరిచి ఉంటే కాలర్ తన మాటే తనకి ఆలస్యంగా వినిపించి ఆగి ఆగి మాట్లాడతారు, ఒక్కోసారి కూత కూడా మొదలవుతుంది. ఆక్జ్‌ని ప్రీ-ఫేడర్‌లో (ఫేడర్ మూసి ఉన్నా ధ్వని వెళ్ళేలా) పెట్టుకుంటే ప్రసారంలోకి తీసుకునేముందే వాళ్ళతో మాట్లాడొచ్చు. ఇంట్లో రేడియో సౌండు తగ్గించమని చెప్పడం అక్కడే.

బూతులు తిట్టే కాలర్‌ని ఆపడానికి ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేసే డిలే యూనిట్ లేకపోతే, పాట నడుస్తుండగా కాల్ రికార్డు చేసుకుని పాట అయ్యాక వేయండి. వినేవాళ్ళకి తేడా తెలియదు.

6. మనిషి లేనప్పుడు: ఆటోమేషన్, దాని వెనక మరో రెండు అంచెలు

కార్యక్రమాలని వాటంతటవే వేసే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్లలో రివెండెల్, లిబ్రెటైమ్, అజురాకాస్ట్ ఉచితంగా దొరుకుతాయి. విండోస్‌లోనే కావాలంటే రేడియోడీజే ఉంది. ఏది వాడినా ఆ కంప్యూటర్ దానికే అంకితం కావాలి. అందులో బ్రౌజర్, మెయిల్ ఉండకూడదు. సిస్టమ్ సౌండ్లు ఆపేయండి, లేకపోతే 'టింగ్' అన్న నోటిఫికేషన్ ప్రార్థన మధ్యలో ఊరంతటికీ వినిపిస్తుంది. అప్‌డేట్లు ఎప్పుడు పడాలో మీరే నిర్ణయించండి.

కార్యక్రమాల ఫైళ్ళన్నీ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి ఎక్కించండి. యూరప్ ప్రసారకుల ప్రమాణం మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం). మీరు ఏ అంకె ఎంచుకున్నా ఫరవాలేదు, అన్నిటికీ అదే ఉండాలి. ఫైలు పేరులో ప్రసార తేదీ ముందు రావాలి, సంవత్సరం-నెల-రోజు వరసలో. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అనే ఫైళ్ళ మధ్య నిలబడి చెమటలు కక్కే పని తప్పుతుంది.

ఆటోమేషన్ ఒక్కటే సరిపోదు, అది కూడా ఆగిపోతుంది. మూడు అంచెలు పెట్టండి. మొదటిది సాఫ్ట్‌వేర్ లోపలే: నిర్ణయించిన ఫైలు దొరక్కపోతే మరో జాబితా మొదలవ్వాలి. రెండోది సైలెన్స్ డిటెక్టర్: 20 సెకన్లు మైనస్ 40 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉంటే వేరే ప్లేయర్‌కి మారిపోవాలి. మూడోది ట్రాన్స్‌మిటర్ పక్కనే మెమరీ కార్డుతో ఆడే చిన్న ప్లేయర్, స్టూడియో నుంచి వచ్చే లింకు తెగిపోతే దిక్కు అదే.

డిటెక్టర్ పనిచేయకపోవడానికి మామూలు కారణం మీ మిక్సర్ సొద. ఎవరో మైకు తెరిచి వెళ్ళిపోయారు, ఫ్యాను చప్పుడు మైనస్ 38 దగ్గర ఉంది, డిటెక్టర్ దృష్టిలో ప్రసారం నడుస్తున్నట్టే. ఖాళీ స్టూడియోలో ఫేడర్లు తెరిచి సొద ఎంతుందో కొలిచి, దానికి 10 డెసిబెల్స్ పైన గీత పెట్టండి. ఆ గీత మరీ పైకి వెళ్తోందంటే తగ్గించాల్సింది గది చప్పుడు. ఫోనుకి సందేశం పంపే అలారం మాత్రం మిక్సర్ నుంచి కాకుండా, మామూలు రేడియోలో పట్టిన మీ ప్రసారాన్ని వినేలా పెట్టండి. అప్పుడే ట్రాన్స్‌మిటర్ ఆగినా తెలుస్తుంది.

అత్యవసర ప్లేయర్లో కనీసం 6 గంటల సరుకు ఉంచండి. అందులో శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు, 'రేపటి కార్యక్రమంలో' అనే మాటలు ఉండకూడదు. అర్ధరాత్రి ప్లేయర్ మొదలై శుభోదయం చెప్పడం, అదే పాట ఇరవై నిమిషాలకోసారి తెల్లారేదాకా తిరగడం, ఇవి రెండూ నిశ్శబ్దం కన్నా కాస్త నయం, అంతే.

స్టూడియో నుంచి ట్రాన్స్‌మిటర్‌కి ఇంటర్నెట్ ద్వారా పంపితే ఒకటి రెండు సెకన్ల ఆలస్యం ఉంటుంది. మాట్లాడేవాళ్ళు హెడ్‌ఫోన్లలో రేడియో వింటూ మాట్లాడలేరు, నాలుక తడబడుతుంది. వాళ్ళకి మిక్సర్ ధ్వనే ఇవ్వండి.

7. కరెంటు పోతే

ఊహతో బ్యాటరీ కొనకండి, లెక్కేయండి. ట్రాన్స్‌మిటర్ 200 వాట్లు, కంప్యూటరూ మిక్సరూ లింకూ కలిపి 150 వాట్లు తీసుకుంటున్నాయనుకుందాం. మొత్తం 350. నాలుగు గంటలకి 1,400 వాట్-గంటలు. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతమే కాబట్టి బ్యాటరీ నుంచి సుమారు 1,650 కావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది. అందుకని 3,300 వాట్-గంటల బ్యాటరీ పెట్టాలి. 12 వోల్టుల దగ్గర 275 ఆంపియర్-గంటలు, అంటే 150వి రెండు. ఏసీ దీని మీద నడవదు. మూడు నెలలకోసారి మెయిన్ స్విచ్ ఆపి ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టుకుని చూడండి. యూపీఎస్ మీది పచ్చ దీపాన్ని నమ్మకండి.

8. ప్రసారమంతా రికార్డు చేయండి

ఫిర్యాదు వస్తే మీకున్న సాక్ష్యం అదొక్కటే. 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 అయితే రోజుకి 0.7 గిగాబైట్లు, 90 రోజులకి 62 గిగాబైట్లు. పాత కంప్యూటర్ కూడా చాలు. దీన్ని కూడా మిక్సర్ నుంచి కాదు, రేడియో నుంచే రికార్డు చేయండి. గంటకో ఫైలు, గడియారం ఇంటర్నెట్ సమయంతో కలిసి ఉండాలి.

9. మనుషుల లెక్క

పరికరాలు సర్దుకున్నాక స్టేషన్లు మూతపడేది డ్యూటీ చార్టు దగ్గరే. ఇరవై మంది వాలంటీర్లు ఉన్నారనుకోండి. షిఫ్టుకి ఇద్దరు, మనిషికి వారానికి ఒక షిఫ్టు. పది షిఫ్టులు వచ్చాయి. పరీక్షలు, పెళ్ళిళ్ళు, జ్వరాలకి పావు వంతు తీసేయండి. మిగిలేవి ఏడు. రెండు గంటల షిఫ్టయితే వారానికి 14 గంటలు. అంతే మీ లైవ్. ఇరవై మందిని చూసుకుని వారానికి 40 గంటల లైవ్ ప్రకటిస్తే మొదటి నెల ఉత్సాహంతో నడుస్తుంది. రెండో నెల నుంచి ఎవరో నలుగురైదుగురే మిగతా అందరి షిఫ్టులూ మోస్తారు. మూడో నెలలో వాళ్ళూ మానేస్తారు. 14 గంటలు బాగా చేసి, మిగతాది రికార్డు చేసిన కార్యక్రమాలతో నింపండి.

కొత్తవాళ్ళకి శిక్షణ నాలుగు విడతల్లో ఇవ్వండి. మొదటిసారి పక్కన కూర్చుని చూడటం. రెండోసారి, ప్రసారం ఆటోమేషన్ మీద ఉండగా మిక్సర్ మీద సాధన. మూడోసారి లైవ్‌లో వాళ్ళ చెయ్యి, పక్కన మీ కన్ను. నాలుగోసారి వాళ్ళు ఒక్కరే, మీరు పక్క గదిలో. ఆ నాలుగోసారి చెప్పాపెట్టకుండా ఆటోమేషన్ తీగ ఒకటి పీకండి. అర నిమిషంలో ప్రత్యామ్నాయ ప్లేయర్ ఫేడర్ పైకి తీస్తే సంతకం పెట్టి తాళంచెవి ఇవ్వండి. గొంతు ఎంత బాగున్నా ఇది రాకపోతే ఇవ్వకండి.

షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఇద్దరూ గదిలో ఉండాలి. వెళ్ళేవాళ్ళు కనీసం 20 నిమిషాల సరుకు ఆటోమేషన్‌లో ఎక్కించి లేవాలి. తర్వాతివాళ్ళు రాకపోతే ఆటోమేషన్ మీద పెట్టి నిర్మొహమాటంగా ఇంటికి వెళ్ళిపోవచ్చని నియమంలోనే రాయండి. 'ఎవరూ రాలేదు కాబట్టి ఇంకో రెండు గంటలు నువ్వే ఉండు' అనిపించుకున్న వాలంటీరు మళ్ళీ రారు.

ప్రకటనలకి ఒక పుస్తకం పెట్టండి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ తేదీ దాకా చదవాలి. మరణవార్త, నీళ్ళు వదులుతారన్న హెచ్చరిక, తప్పిపోయిన పిల్లల సమాచారం లాంటివి ఎవరు ఫోన్ చేసి చెప్పినా, మీ దగ్గర ముందే రాసి ఉన్న నంబరుకి తిరిగి ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే చదవాలి. వచ్చిన కాల్‌కే తిరిగి చేయడం ఖాయం చేసుకోవడం కాదు.

10. మిక్సర్ ఎదురుగా అతికించాల్సిన కాగితం

పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ:

1. ఆటోమేషన్ తెర మీద సమయం కదులుతోందా? లేకపోతే ఎర్ర టేపు ఉన్న ఫేడరు సున్నా గీత దాకా ఎత్తు. అది అత్యవసర ప్లేయర్.
2. కదులుతోంది, మిక్సర్ మీటరు కదలట్లేదా? అప్పుడూ ఎర్ర ఫేడరే.
3. ఎర్ర ఫేడరు ఎత్తినా మిక్సర్ మీటరు కదలకపోతే కింద ఉన్న మొదటి నంబరుకి ఫోన్ చెయ్యి.
4. మిక్సర్ మీటరు కదులుతోంది, బల్ల మీది రేడియోలో రావట్లేదా? తప్పు నీది కాదు, స్టూడియో బయట ఉంది. మొదటి నంబరుకి, ఎత్తకపోతే రెండో నంబరుకి ఫోన్ చెయ్యి.
5. ట్రాన్స్‌మిటర్ ముట్టుకోకు. ఏ తీగా పీకకు.
6. ఎన్ని గంటలకి ఏం జరిగిందో పుస్తకంలో రాయి.

ఆ రెండు నంబర్లవాళ్ళు వారంవారం మారుతుండాలి, ఎప్పుడూ ఒకే మనిషి కాకూడదు. ట్రాన్స్‌మిటర్ పాస్‌వర్డు, లింకు పాస్‌వర్డు, డొమైన్ ఖాతా, తాళాల వివరాలు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. ఎవరైనా స్టేషన్ వదిలి వెళ్తే అదే వారంలో పాస్‌వర్డులన్నీ మార్చండి, గొడవపడి వెళ్ళినా, కేకు కోసి పంపినా. ఆర్నెల్లకోసారి ఈ కాగితాన్ని, స్టూడియోలోకి ఎప్పుడూ అడుగుపెట్టని ఒకరి చేతికిచ్చి ప్రసారం నిలబెట్టమనండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడి వాక్యం మార్చి రాయండి.